నూటొక్క రూపాయి బోణీ

ఆఫ్రికాలో పెట్టుబడులు పెట్టే కంపెనీ మొదలుపెడుతున్నానని చెప్పినప్పుడు మా నాయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఏమ్మే, రేణిగుంట అయిపోయిందా?"

మా నాయనకు పెట్టుబడి అంటే ప్లాటు, ప్లాటంటే రేణిగుంట. విమానాశ్రయం చుట్టుపక్కల నాలుగు రాళ్ళు పాతిన ఏ చోటైనా ఏదో ఒకనాటికి బంగారమవుతుందని ఆయన గట్టి నమ్మకం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నా పేరున అక్కడొక ప్లాటు కొనిపెట్టాడు. కొత్త కంపెనీ కోసం దాన్ని అమ్మేశానని చెప్పిన మధ్యాహ్నం ఆయన పెరుగన్నం తినకుండా లేచి చెయ్యి కడుక్కున్నాడు. మా ఇంట్లో అంతకు మించిన కోపం లేదు.

చెన్నైలో ఒక పెట్టుబడుల కంపెనీలో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. ఇప్పుడిప్పుడే ఎదుగుతున్న దేశాల్లో మంచి వ్యాపారాలు వెతికి, వాటిలో పెద్దవాళ్ళ డబ్బు పెట్టించడం నా పని. ఎవరివో డబ్బులు ఎక్కడెక్కడికో పంపి, లాభం వచ్చినప్పుడు వాళ్ళు కేకు కోస్తుంటే చప్పట్లు కొట్టీ కొట్టీ విసుగొచ్చింది. ఈ పనేదో మన జిల్లావాళ్ళ డబ్బుతో, మన ఊరినుంచే ఎందుకు చెయ్యకూడదు అనిపించింది. నలభై ఆరేళ్ళ వయసులో ఇలాంటివి అనిపించకుండా ఎవరైనా మందు కనిపెడితే మా నాయన తప్పకుండా కొంటాడు.

నాతోపాటు ఉద్యోగం మానేసి వచ్చిన నా భాగస్వామిది నగరి. నాకంటే రెండేళ్ళు చిన్న, అక్కా అని పిలుస్తాడు, నేను మావాడు అంటాను. మరమగ్గాల మోత మధ్య పెరిగినవాడు కాబట్టి మామూలుగా మాట్లాడటం చేతకాదు, ఏం చెప్పినా అరిచే చెబుతాడు. మా ఆఫీసు తిరుపతిలో ఒక టిఫిను హోటలు పైన. అతను ఫోనెత్తితే మా వ్యాపార రహస్యాలు కింద దోసెలు తినేవాళ్ళందరికీ చట్నీతో పాటు అందేవి.

మేం ఎంచుకున్న మొదటి కంపెనీ ఆఫ్రికాలో ఒక మామిడి కంపెనీ. మామిడి తోటల పక్కనే చల్లటి గదులు కట్టి, రైతుల కాయ చెడిపోకుండా దాచి, ధర పలికినప్పుడు అమ్మిపెడుతుంది. చిత్తూరు జిల్లావాళ్ళకు మామిడి గురించి వేరే చెప్పాలా, ఇట్టే అర్థమవుతుందనుకున్నాను. ఆ కంపెనీవాళ్ళు మా కోసం ఒక వాటా పక్కన పెట్టారు. మేమిద్దరం కాక ఇంకో పదిమంది నెలాఖరులోగా చేరితే ఆ వాటా మాది. లేకపోతే వెనక ఎవరో కాచుకుని ఉన్నారు. తెలిసినవాళ్ళతో మాత్రమే నడిపే కంపెనీ కాబట్టి పేపర్లో ప్రకటనలూ గోడల మీద పోస్టర్లూ పనికిరావని మా ఆడిటరు ముందే హెచ్చరించాడు. పదిమందీ కుదిరేదాకా ఒక్క చెక్కు కూడా బ్యాంకులో వెయ్యకూడదని ఆయనదే ఇంకో షరతు.

తెలిసినవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచాం. తోటలున్నవాళ్ళు, రిటైరైన బడి అయ్యవార్లు, ఇద్దరు డాక్టర్లు. కింద దోసె తిని పైకొచ్చి, ఫ్యాను కింద కూర్చుని, మావాడు కంప్యూటర్లో తయారుచేసిన ముప్పై రెండు బొమ్మలూ ఓపికగా చూసేవాళ్ళు. వర్షపాతం చూపించాం, రోడ్లు చూపించాం, ఓడరేవు చూపించాం. అంతా అయ్యాక ప్రతి ఒక్కరూ ఒకటే మాట అడిగేవాళ్ళు.

"అంతా బాగుండాదమ్మా. ఎవురెవురు ఏసినారు?"

ఇంకా ఎవరూ వెయ్యలేదని చెబితే "అట్లనా, సూస్తాంలే" అని చెప్పులేసుకునేవాళ్ళు. నా ప్లాటు సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. రేణిగుంటలో ప్లాటు అమ్ముకున్నదాని తెలివి మీద ఎవరికి నమ్మకం కుదురుతుంది? కన్న తండ్రికే కుదరలేదు.

నెలలో సగం గడిచింది. బీరువాలో ఒక్క చెక్కు లేదు. నా మొహం చూసి మా నాయనకే జాలేసింది కాబోలు, ఒకరోజు కాఫీ తాగుతూ, "బోణీ కాకుండా అంగడి యాడైనా నడస్తాదా? మండీ ఆయప్పను పిలిపిచ్చు" అన్నాడు.

మండీ ఆయప్ప అంటే చిత్తూరులో చింతపండు మండీ నడిపే పెద్దాయన. మా చెట్ల చింతపండు నలభై ఏళ్ళుగా ఆయన మండీకే పోతుంది. నేను చిన్నప్పటినుంచీ మండీ తాతా అని పిలుస్తాను. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు, మండీలో తెలుగు మాట్లాడతాడు, కోపమొస్తే రెండూ మాట్లాడతాడు. ఆయన చెయ్యి మంచిదని ఊళ్ళో పేరు. ఎవరు కొత్తగా కొట్టు తెరిచినా తొలి బేరం ఆయన చేత చేయించుకోవాల్సిందే. పూలకొట్లో రెండు మూరల మల్లెలు, సెల్‌ఫోను కొట్లో ఒక రీచార్జి, అలా ఏదో ఒకటి కొని నూటొక్క రూపాయి చేతిలో పెట్టి వస్తాడు. ఒకసారి కొత్తగా అంబులెన్సు కొన్నాయన బోణీకి పిలిచాడు. రానంటే బాగుండదు, వస్తానంటే అసలే బాగుండదు. తాత బాగా ఆలోచించి, ఆసుపత్రి గేటు దగ్గర ఎక్కి, డ్రైవరు పక్కన నిటారుగా కూర్చుని, బజారుదాకా వచ్చి దిగి డబ్బులిచ్చాడు. "ఆస్పత్రికి పోలేదప్పా, ఆస్పత్రినుంచి వచ్చినా" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకున్నాడు.

కబురు పంపిన మూడో రోజు పొద్దున్నే చిత్తూరు బస్సు దిగి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల జుబ్బా, చేతిలో నాకోసం గింజ తీసిన చింతపండు పొట్లం. మావాడు ఉత్సాహంగా బొమ్మలన్నీ చూపించాడు. తాత మొహం చిట్లించుకుంటూ విన్నాడు. చివరికి నా వైపు తిరిగి ఒక్కటే అడిగాడు.

"ఆడ తూకం కాడ మన మనిషి ఎవురు నిలబడ్తారు బేటీ?"

"అక్కడివాళ్ళే ఉంటారు తాతా. ఏడాదికొకసారి ఆడిటర్లు వెళ్ళి చూస్తారు."

"ఊఁ" అన్నాడు. ఆ ఊఁ ఎంత పొడుగు ఉందో నేను అప్పుడు పట్టించుకోలేదు. తర్వాత, "ఈడ నేను కొనేదేముండాది?" అని గదంతా చూశాడు. మా దగ్గర అమ్మేదేముంది? బల్ల, కుర్చీలు, గోడమీద భూగోళం బొమ్మ. మావాడు చటుక్కున రంగుల బ్రోచరు ఒకటి తీసిచ్చాడు. తాత దాన్ని కళ్ళకద్దుకుని, జేబులోంచి కవరు తీసి నా చేతిలో పెట్టాడు. పెళ్ళిళ్ళలో ఇస్తారే, రూపాయి బిళ్ళ అంటించిన కవరు, అది. అలా మా అంతర్జాతీయ కంపెనీ తొలి అమ్మకం ఒక బ్రోచరు.

తాత కవరు ఇస్తున్నప్పుడు మావాడు ఫోటో తీశాడు. వెనక భూగోళం, ముందు తాత తెల్ల జుబ్బా, మధ్యలో రెండు చేతులూ చాచిన నా భక్తి. దాన్ని తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, కింద "పెద్దల చేతులమీదుగా మా తొలి అడుగు" అని రాశాడు. నేను చూశాను, చూసి దండం బొమ్మ కూడా పెట్టాను.

పూలకొట్లో మల్లెలు కొన్నాయనను ఆ పూలకొట్టుకు భాగస్వామి అని ఎవరూ అనుకోరు. కానీ పెట్టుబడుల ఆఫీసులో కవరు ఇస్తే అందులో పెట్టుబడి కాక ఇంకేముంటుంది? ఆ సాయంత్రానికి చిత్తూరులో తాత ఇరవై లక్షలు వేశాడు. మర్నాటికి అది నలభై అయింది. ఆ పుకారు పాకాల చేరేసరికి చింతపండు గోదాము తాకట్టు పెట్టి కోటి వేశాడట. చెప్పులేసుకుని వెళ్ళిపోయినవాళ్ళంతా మళ్ళీ మా మెట్ల దగ్గర చెప్పులు విడిచారు. ఈసారి బొమ్మలు చూపిస్తామన్నా వద్దన్నారు.

నాలుగు రోజుల్లో పదకొండు చెక్కులొచ్చాయి. కావలసినవి పది, వచ్చినవి పదకొండు. మావాడు గోడమీద లెక్క రాసుకుని చూసుకుని మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను, దాచడమెందుకు. నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు. "తాత ఏసినాడంట కదా" అని వాళ్ళంటే, "తాత వచ్చారండీ, చాలా సంతోషం" అనేదాన్ని. నిజంగానే వచ్చారు, నిజంగానే సంతోషం.

పదకొండో చెక్కు ఇచ్చింది పాకాల దగ్గర ఆరోగ్య ఉపకేంద్రంలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన ఆమె. మా చుట్టుపక్కల పిల్లలందరికీ టీకాలు వేసింది ఆమే, నా ఎడమ జబ్బ మీది మచ్చ మాత్రం ఆమె రాకముందుది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు బ్యాంకులో డిపాజిట్ వేసుకుంది. దాన్ని గడువుకు ముందే తీసి, వడ్డీ పోగొట్టుకుని మరీ తెచ్చింది. కనీసం కంపెనీ ఏ దేశంలో ఉందో చెబుతాను కూర్చోమన్నాను.

"నాకు దేశం పేరు ఎందుకు పాపా? తాత చెయ్యి పడింది, నాకు అది సాలు. బస్సుకు టైమయింది" అని వెళ్ళిపోయింది.

ఆమె మెట్లు దిగుతుంటే నేను ఆ చెక్కును మిగతావాటితో కలపకుండా బీరువాలో విడిగా పెట్టాను. కావలసినవి పదే, ఇది పదకొండోది, అందుకే అని నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాడు తాత కొడుకులిద్దరూ వచ్చారు. పెద్దాయన తండ్రితో మండీలో కూర్చుంటాడు, చిన్నాయనకు వేరే హార్డ్‌వేరు కొట్టు. మర్యాదగా కూర్చున్నారు, మర్యాదగా టీ తాగారు. ఇద్దరి మొహాల్లోనూ నిద్రలేమి తెలుస్తూనే ఉంది.

"అక్కా, మా నాయన మాకు సెప్పకుండా ఏదో ఏసినాడంట. అడిగితే నగతాండాడు. ఎంత ఏసినాడో సెబితే మేం ఎల్లిపోతాం" అన్నాడు పెద్దాయన.

నేను లేచి బీరువా తీసి కవరు తెచ్చి బల్లమీద పెట్టాను. ఒక వంద నోటు, కవరుకు అంటించిన ఒక రూపాయి. చిన్నాయనకు టీ ముక్కులోకి పోయింది. దగ్గుతో, నవ్వుతో కాసేపు మనిషి కాలేదు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. కవరును మళ్ళీ నా వైపు జరిపి, "మాకు సెప్పినావు, సరే. మిగిలినోళ్ళకు ఎప్పుడు సెబుతావక్కా?" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక మావాడు తలుపు వేసి, తన లెక్కలో మెల్లగా, అంటే వీధిలోకి వినబడేలా అన్నాడు: "మనం ఏమీ అబద్ధం సెప్పలేదక్కా. ఆరు రోజులు ఓపిక పడితే వాటా మనది. లాభం వచ్చినాక ఎవురు అడగతారు?"

"పాకాల నర్సమ్మ డబ్బు నువ్వు ఉంచుకోగలవా?" అన్నాను.

అతను గోడమీది లెక్కను పెన్నుతో కొట్టేశాడు. "సరి సరి. సగం ఫోన్లు నేను సేస్తా" అన్నాడు. నాకు అతని మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అతను మూడో ఫోను చేసేలోపే హోటలు మొత్తానికి విషయం తెలిసిపోయింది. మిగతావాళ్ళకు మేం చెయ్యక్కర్లేకపోయింది, వాళ్ళే చేశారు.

తిట్లు తినడం నాకు కొత్త కాదు గానీ ఒకే పూటలో అంత వైవిధ్యం ఎప్పుడూ చూడలేదు. ఒక అయ్యవారు ఇరవై నిమిషాలు చక్కటి గ్రాంథికంలో తిట్టాడు. ఒక తోటాయన మాత్రం, "నూటొక్కటే ఇచ్చినాడా? అంటే తాతకే నమ్మకం లేదన్నమాట. మంచి మాట సెప్పినావు" అని నాకే థాంక్స్ చెప్పాడు. తొమ్మిదిమంది చెక్కులు వెనక్కి తీసుకున్నారు. మిగిలిన ఇద్దరిలో ఒకాయన ఊళ్ళో లేడు. రెండోది నర్సమ్మ. నేను చెప్పిందంతా విని, "సరే పాపా" అని ఫోను పెట్టేసింది.

తన పేరు చూసి చెక్కులొచ్చాయని తాతకు కొడుకుల ద్వారా తెలిసింది. ఫోనులో ముందు ఉర్దూలో తిట్టి, అది నాకు సరిగ్గా అర్థం కాదని గుర్తొచ్చి మళ్ళీ తెలుగులో తిట్టాడు. "బోణీ వేరే, జామీను వేరే బేటీ. నా బోణీని నువ్వు జామీను సేసుకున్నావు. నేను ఆ పొద్దు తూకం సంగతి అడిగితిని కదా, జవాబు వచ్చింటే నిజంగానే ఏసుందును."

"నీ నూటొక్క రూపాయి పంపిస్తాను తాతా" అన్నాను.

"బోణీ ఎనక్కి తీసుకునేది అంగడి మూసేటప్పుడు. మూస్తాండావా?"

"లేదు."

"అయితే నోరు మూసుకోని పెట్టుకో" అని ఆయనే ఫోను పెట్టేశాడు.

నెలాఖరు వచ్చింది, వాటా పోయింది. ఆ కంపెనీకి మేం రాలేమని ఉత్తరం రాసి, ఆఫీసులో ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఏం చెయ్యాలో తెలియక బ్రోచర్లు దొంతర పెడుతున్నాం. అప్పుడు నర్సమ్మ వచ్చింది. చెక్కు కోసమే అనుకుని బీరువా వైపు లేచాను. ఆమె కూర్చుని, సంచిలోంచి మనవరాలి బడి అట్లాసు తీసి బల్లమీద పరిచి, కళ్ళద్దాలు పెట్టుకుంది.

"ఇప్పుడు సెప్పు పాపా. ఆ దేశం పేరేంది? యాడ ఉండాది?"

ఆ వాటా పోయిందని చెప్పాను. "పోతే పోయింది. నేను డబ్బు దేనికి ఇచ్చినానో నాకు తెలియాల కదా" అంది. టాంజానియా ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. మావాడు ముప్పై రెండు బొమ్మలూ మళ్ళీ తీశాడు. చల్లటి గదుల బొమ్మ దగ్గర ఆమె ఆపమంది.

"కరెంటు పోతే?"

మావాడు బొమ్మలు మొదటినుంచీ తిప్పి వెతకడం మొదలుపెట్టాడు.

"మా టీకాల పెట్టెకు ఐసు గడ్డలు పెట్టి, గంటగంటకూ సూసుకుంటా ముప్పై ఏండ్లు మోసినాను. పెట్టె మూత ఎన్నిసార్లు తీస్తే అంత ఎచ్చబడతాది. ఆడ కరెంటు పోతే ఆ గది ఎన్ని గంటలు సల్లగా ఉంటాది? జనరేటరు ఉండాదా?"

పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉన్న నేను ఆ ప్రశ్న అడగలేదు. వాటా పోయినా సరే, కంపెనీకి రాసి కనుక్కున్నాం. తొమ్మిది రోజుల తర్వాత, జనరేటరు విషయం పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. నిజం చెప్పాలంటే వాళ్ళు తర్వాత జనరేటరు కొన్నారు, ఆ కంపెనీ ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తోంది. మా నాయన నెలకొకసారి ఆ సంగతి గుర్తుచేస్తాడు, రేణిగుంటలో గజం ధరతో కలిపి.

ఆ తర్వాత నేను టాంజానియా వెళ్ళాను. అక్కడే ఇంకో చిన్న కంపెనీ, మామిడి ముక్కలు ఎండబెట్టి అమ్మేది, దొరికింది. ఒక పంట కాలమంతా వాళ్ళ తూకం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. నల్లబడి, సన్నబడి వచ్చాను. తిరిగొచ్చి మళ్ళీ అందర్నీ పిలిస్తే ఈసారి ఆరుగురే కుదిరారు, ఆ కంపెనీకి ఆరుగురు చాలు. ఆరో మనిషి మండీ తాత. తన పేరు ముందు రాయొద్దని, అందరికంటే చివర రాయమని షరతు పెట్టాడు.

మొదటి సంతకం నర్సమ్మది. కాగితాలన్నీ చదివింది, చదివించుకుంది, మావాడి చేత రెండుసార్లు కూడికలు చేయించింది. పెన్ను తీసుకుని, పెట్టబోయి, ఆగింది. ఈమె కూడా ఎవరెవరు వేశారని అడుగుతుందేమో అనుకున్నాను.

"నువ్వు ఎంత ఏసినావు పాపా?" అంది.

అన్ని నెలల్లో అంతమందిలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

"రేణిగుంట ప్లాటమ్మా. మా నాయన కొనిపెట్టింది. దాన్ని అమ్మి మొత్తం ఇందులోనే పెట్టాను."

"మొత్తమా?"

"మొత్తం."

ఆమె కళ్ళద్దాల మీదుగా నన్ను చూసింది. "అది మొదుట్లోనే సెప్పింటే తాతను బస్సెక్కించి తెచ్చే పని ఉండేది కాదు కదా" అని, సంతకం పెట్టి, సిరా ఆరేదాకా కాగితం మీద ఊదింది. నేను కిందికి వెళ్ళి ఆమెకు ఒక దోసె చెప్పి వచ్చాను.